కార్డినల్ ఫ్లవర్ మరుసటి ఏడు కనబడకపోతే: కుండీ మేలా, పూలమడి మేలా, పల్లం మేలా?

కార్డినల్ ఫ్లవర్ (ఎర్ర పూల లోబీలియా) గురించి ప్రతి వసంతంలోనూ ఇదే ప్రశ్న. "నిరుడు నర్సరీ నుంచి తెచ్చి పెట్టాం. ఆగస్టులో ఎర్రగా విరగబూసింది, హమ్మింగ్‌బర్డ్‌లు కూడా వచ్చాయి. ఈ ఏడు ఆ చోట ఏమీ లేదు. కుండీలోకి మార్చమంటారా, చోటు మార్చమంటారా?" న్యూజెర్సీ వాళ్ళూ అడుగుతారు, డల్లాస్ వాళ్ళూ అడుగుతారు. న్యూజెర్సీలో మా పెరట్లో ఈ మొక్కను కుండీలోనూ, మల్చ్ (నేల మీద కప్పే చెక్క పొట్టులాంటిది) పరిచిన పూలమడిలోనూ, చూరునీళ్ళు చేరే పల్లంలోనూ పెంచి చూశాను. కాబట్టి మూడింటి సంగతీ చెప్తాను.

నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. తూర్పు కెనడా నుంచి ఫ్లోరిడా, టెక్సస్ మీదుగా మెక్సికో దాకా వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే మొక్క ఇది. తడి ఆరితే ఊరుకోదు. కానీ నిరుడు పూసిన మొక్క ఈ ఏడు లేకుండా పోయిందంటే, నా లెక్కన ముందు చూసుకోవాల్సింది చలికాలంలో దానికి వెలుతురు తగిలిందా లేదా అన్నది.

ఎందుకంటే పూసిన కాడ మళ్ళీ చిగురించదు. అరటి చెట్టు గెల వేశాక పోయి పిలకలు మిగిలినట్టే, ఇదీ పూత అయ్యాక మొదట్లో పిలకలు వేసి తాను ఎండిపోతుంది. నవంబరులో ఆ ఎండు కాడ చుట్టూ రాలిన ఆకులు పక్కకు తోసి చూడండి. నేలకు అంటుకుని చిన్న పచ్చటి ఆకుల గుత్తులు కనిపిస్తాయి. ఒకదాన్ని మెల్లగా కదిపితే కింద తెల్లటి వేళ్ళు. వచ్చే ఏటి మొక్కలు అవే. చలికాలమంతా అవి పచ్చగానే ఉంటాయి, వాటికి గాలీ వెలుతురూ ఆడాలి. మీద మూడంగుళాల మల్చో, తడిసి అట్టకట్టిన మేపుల్ ఆకులో పడితే మార్చి వచ్చేసరికి కుళ్ళిపోతాయి. మొక్క చలికి పోయిందనుకుంటాం. నిజానికి అది 3వ జోన్ (అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి చేసిన విభజనలో బాగా చలి ప్రాంతం) చలికి కూడా తట్టుకునే జాతి.

ఈ కొలతతో చూస్తే పూలమడే అన్నిటికన్నా ప్రమాదం. వేసవిలో మల్చ్ తడిని పట్టి ఉంచుతుంది, ఆ మేలు కాదనను. కానీ లాన్ పనివాళ్ళు వచ్చి మడి అంతా ఒకే మందాన పరిచేసి పోతారు, పిలకలు దాని కిందే ఉండిపోతాయి. మడిలోనే పెంచాలనుకుంటే కాడ చుట్టూ జానెడు మేర మట్టి కనబడేలా వదలండి, ఆకులు రాలే రోజుల్లో వారానికోసారి చేత్తో తీసేయండి. చలి బాగా ఎక్కువైన రాష్ట్రాల్లో ఏదైనా కప్పమని చెప్తుంటారు. కప్పితే పైన్ కొమ్మల్లాంటి తేలికవి కప్పి, చలి తగ్గగానే తీసేయాలి.

కుండీలో ఆకులు పేరుకోవు, మల్చ్ బెడదా లేదు. పళ్ళెంలో నీళ్ళు నిలిపితే వేసవి హాయిగా గడిచిపోతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీ వాళ్ళకు ఎలాగూ ఇదొక్కటే దారి. ఇబ్బంది రెండు చోట్ల. జులైలో రెండు రోజులు ఊరెళ్తే కుండీ ఎండిపోతుంది. జనవరిలో నాలుగు వైపుల నుంచీ చలి వేళ్ళకు తగులుతుంది. అలాగని చీకటి గరాజ్‌లో పెడితే పచ్చటి పిలకలకు వెలుతురు ఉండదు. పెరడు ఉన్నవాళ్ళు కుండీని అంచు దాకా నేలలో పాతిపెట్టడం మంచిది.

నేను మొగ్గేది పల్లం వైపే. డౌన్‌స్పౌట్ (చూరునీళ్ళు కిందికి దింపే గొట్టం) నీళ్ళు ఇంటి పునాదికి కనీసం పదడుగుల అవతలికి మళ్ళించి, అక్కడ నేలను కాస్త లోతు చేసి, కంపోస్టు కలిపి నాటితే మొక్క తన వాగు ఒడ్డుకు చేరినట్టే. వాన వచ్చినప్పుడల్లా నేల లోపలి దాకా నానుతుంది, పైపైన తడిపే స్ప్రింక్లర్‌కు అది చేతకాదు. ఇంకో లాభం, అక్కడ మల్చ్ వేయాల్సిన అవసరం రాదు. ఖాళీగా ఉన్న తడి మట్టి మీద గింజలు రాలి వాటంతటవే మొలుస్తాయి. ఆయుష్షు తక్కువైన మొక్క కాబట్టి తోట నిలిచేది ఆ మొలకలతోనే. పల్లంలో చూసుకోవాల్సింది ఒక్కటే: నేల గడ్డకట్టి కరిగినప్పుడల్లా పిలకలు పైకి లేచి వేళ్ళు బయటపడతాయి. చేత్తో మళ్ళీ మట్టిలోకి అదిమేయండి.

డల్లాస్ వాళ్ళకు పల్లం ఒక్కటే చాలదు, మధ్యాహ్నం నీడ కూడా కావాలి. సొరకాయ పందిరికి తూర్పు అంచున నాటి చూడండి. పొద్దుటి ఎండ తగులుతుంది, పాదుకు పోసే నీళ్ళు దీనికీ అందుతాయి, మంచుకు తీగ పోగానే పిలకల మీద ఎండ పడుతుంది. ఆకుకూర మడిలో మాత్రం వద్దు. ఈ మొక్కంతా విషం, తోటకూరతోపాటు పొరపాటున చేతికి రాకూడదు.

మధ్యాహ్నం వాడి తెల్లారేసరికి నిలబడితే అది ఎండ దెబ్బ, కంగారు పడక్కర్లేదు. పొద్దున్నే వాడి ఉంటే నీళ్ళు చాలడం లేదు. కాడ చివర పేనుబంక పడితే పైపు నీళ్ళతో గట్టిగా కొడితే పోతుంది. లేత పిలకల్ని స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) రాత్రిపూట కొరుకుతాయి, అందుకూ మల్చ్ తీసేయడం మంచిదే.

నీలం లోబీలియా పెట్టుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు, దానికి ఓర్పు ఎక్కువ. కానీ దాని దగ్గరికి ఎక్కువగా వచ్చేవి తుమ్మెదలే. ముదురు ఎరుపు ఆకుల 'క్వీన్ విక్టోరియా' రకం చూడ్డానికి బాగుంటుంది గానీ చలికి అంత ఆగదు.

ఈ ఏడు మీ చోట పిలకలు ఒక్కటీ మిగలకపోతే కొత్త మొక్క కొని పల్లంలో పెట్టండి. గింజలు వేయాలనుకుంటే శరదృతువులో తడి మట్టి మీద చల్లి వదిలేయండి. వెలుతురు తగిలితేనే మొలుస్తాయి కాబట్టి పైన మట్టి కప్పకూడదు. గింజల మొక్క సాధారణంగా మొదటి ఏడు ఆకులతోనే ఉండి, పూత రెండో ఏడు చూపిస్తుంది.