వానలో రాత్రి నడక: తలకు కట్టే లైటా, చేతి టార్చా?

వానాకాలం రాత్రి పొలం దాకా వెళ్లి రావాలంటే నా ఓటు చేతి టార్చికే. హెడ్‌ల్యాంప్ మామూలు రోజుల్లో బంగారం, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ చినుకు మొదలైందంటే కథ మారిపోతుంది, ఎందుకంటే లైటు కళ్లకు బెత్తెడు పైనే ఉంటుంది కదా, ముఖం ముందు పడే ప్రతి చినుకూ ఆ వెలుగును తిప్పి నేరుగా కళ్లలోకే కొడుతుంది, తెల్లటి గీతల తెర తప్ప దాని వెనక ఉన్న గట్టు కనపడదు. పొగమంచులో ఇంకా ఘోరం. వెలుగు పెంచితే ఆ తెరే పెరుగుతుంది, తగ్గించి చూడండి.

అదే టార్చిని నడుము దగ్గర పట్టుకుంటే తిరిగొచ్చే వెలుగు కళ్లలో అంతగా పడదు. కార్లకు ఫాగ్ లైట్లు కిందకి పెట్టేదీ ఇందుకే. పైగా వెలుగు ఏటవాలుగా పడి గుంతకీ రాయికీ నీడ వస్తుంది, అడుగు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. తడి తారు రోడ్డు మీద మాత్రం రెండూ ఒకటే: నీటి పొర అద్దంలా వెలుగును ముందుకు పంపేస్తుంది, రోడ్డు నల్లగానే ఉంటుంది.

గొడుగుకే ఒక చెయ్యి పోతే హెడ్‌ల్యాంప్‌ను నడుముకు కట్టేయండి. ఏది కొన్నా, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ రేటింగ్ చూడండి: ఐపీఎక్స్4 తుంపర్లకే. నీళ్లలో పడినా బతకాలంటే ఐపీఎక్స్7 ఉండాల్సిందే.