తిరుపతిలో గెస్ట్ పోస్టుల సర్వీస్: ఎడిటింగ్‌కి ఓకే, లింకుల ప్యాకేజీకి ఒక దండం

మాది చిత్తూరు. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలకి క్వాలిటీ, ఎక్స్‌పోర్ట్ పేపర్ల పని చూస్తాం, దానికి ఒక ఇంగ్లీష్ బ్లాగ్ కూడా నడుపుతా ఉండాం. ల్యాబ్ వాళ్ళు, ప్యాకింగ్ వాళ్ళు, షిప్పింగ్ వాళ్ళు అప్పుడప్పుడూ మేము కూడా మీ బ్లాగ్‌లో రాస్తామంటారు, ఇట్లా బయటివాళ్ళు రాసేవే గెస్ట్ పోస్టులు, కానీ వాళ్ళ వెంటపడి రాయించుకోని దిద్ది వేసుకునేంత తీరిక ఇక్కడ ఎవరికుంది, అందుకే తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఉండే ఒక చిన్న కంటెంట్ ఏజెన్సీకి ఆ పని అప్పజెప్పినాం. పేరు చెప్పను, సగం పొగిడి సగం తిట్టబోతా ఉండా కాబట్టి.

ముందు పొగడాల్సింది. వాళ్ళ దగ్గర ఎడిటర్ ఒకమ్మాయి ఉంది, శానా గట్టిది. ఒకాయన అసెప్టిక్ ప్యాకింగ్ (క్రిములు చేరకుండా బ్యాగుల్లో నింపేది) మీద డ్రాఫ్ట్ పంపించినాడు, మొదటి పేరా అంతా పండ్లలో రారాజు మామిడి, మన సంస్కృతి, తోరణాలు, అదే పాట. ఆ పేరా మొత్తం కొట్టేసి పక్కన కామెంట్ పెట్టింది, "సార్, ఇది చదివేది పల్ప్ కొనేవాళ్ళు, మామిడి అంటే ఏందో వాళ్ళకి తెలుసు, 215 కిలోల డ్రమ్ములో బ్యాగు ఎక్కడ దెబ్బతింటుంది, మీరు ఎట్లా కనిపెడతారు, అది రాయండి" అని. ఆయన కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గానీ తిరగరాసి పంపించినాడు, మూత బిగించేటప్పుడు బ్యాగు మడత ఇరుక్కుంటే ఏమవుతుందో ఫోటోతో సహా. ఇంకొకాయన తోతాపురి పల్ప్‌కి 28 బ్రిక్స్ (చక్కెర ఎంతుందో చెప్పే లెక్క) అని రాస్తే "ఇది నీళ్ళు తీసి చిక్కబరిచిన కాన్సన్‌ట్రేట్ లెక్క కదా సార్, మామూలు పల్ప్ అయితే 14, 16 అట్లా ఉండాల కదా" అని అడిగింది. పల్ప్ ఫ్యాక్టరీ గేటు లోపలికి కూడా పోని మనిషి ఇంత అడిగిందంటే చదువుకోని కూర్చుందనే కదా.

మేనేజ్ చేసే పద్ధతి కూడా బాగుంది. బయటి రచయితకి వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ లాగిన్ మాత్రమే ఇస్తారు, దాంతో రాయొచ్చు గానీ పబ్లిష్ కొట్టలేరు, ఫోటోలు కూడా ఎక్కించలేరు. ఫోటోలు మెయిల్‌లో తెప్పించుకుంటారు, వాట్సాప్‌లో పంపితే నలిగిపోయి వస్తాయి కాబట్టి ఒప్పుకోరు. డ్రాఫ్ట్ రాంగానే రెండు మూడు వాక్యాలు కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతుకుతారు, వేరే చోట ముందే వచ్చిందేమో అని. దిద్దినాక రచయితకి చూపించి, ఆయన సరే అన్నాకనే వేస్తారు, ఇది మాత్రం శానా మంది చెయ్యరు, వాళ్ళ పేరు మీద మన ఇష్టమొచ్చింది వేసేస్తే రేపు ఎవరు మాట పడాల? జూన్, జూలైలో ఫ్యాక్టరీలు రాత్రింబగళ్ళు నడుస్తాయి, అప్పుడు ఎవడూ రాయడు అని చెప్పినాం, ఫిబ్రవరి నుంచే రచయితల వెంటపడి ఆ రెండు నెలలకి సరిపడా పోస్టులు రెడీ చేసి పెట్టినారు.

ఇంక తిట్టాల్సింది. ఎడిటింగ్ వాళ్ళు ఒక దారి, సేల్స్ వాళ్ళు ఇంకో దారి. సేల్స్ పిల్లోడు "సార్, డీఏ 50 పైన ఉండే సైట్లలో మీ పోస్టులు వేయిస్తాం, లింక్ గ్యారంటీ" అని ప్యాకేజీ పట్టుకోని వచ్చినాడు, ఆ సైట్ల నుంచి మన సైట్‌కి లింకులుంటే గూగుల్‌లో పైకొస్తామని ఆశ పెట్టేది. నాయినా, డీఏ అంటే డొమైన్ అథారిటీ, సైట్‌కి ఎంత బలముందో మోజ్ అనే కంపెనీ వేసుకున్న లెక్క, గూగుల్‌ది కాదు. ఆ సైట్లు తెరిచి చూస్తే పక్కపక్కనే జుట్టు రాలడం, క్రిప్టో, పెళ్ళి లెహంగాలు, ఆ మధ్యలో మన మామిడి పల్ప్ అంట. డబ్బులకి అమ్మే లింకుకి స్పాన్సర్డ్ అనో నోఫాలో (ఈ లింకుని ర్యాంకు లెక్కలోకి తీసుకోవద్దని చెప్పేది) అనో ట్యాగ్ పెట్టాలని గూగుల్ రూల్, ఆ స్పాన్సర్డ్ ట్యాగ్ 2019లోనే వచ్చింది. ఇట్లా లింకుల కోసం గెస్ట్ పోస్టులు వేసే పని అయిపోయిందని అప్పట్లో గూగుల్ స్పామ్ టీమ్ చూసిన మ్యాట్ కట్స్ 2014లోనే రాసేసినాడు. ఇదంతా చెప్తే "అందరూ చేస్తా ఉండారు సార్" అంటాడు.

అది చాలదన్నట్టు ఒకసారి రమ్మీ యాప్ వాళ్ళ పోస్టు మాకు ఫార్వర్డ్ చేసినారు, మన బ్లాగ్‌లో వేస్తే డబ్బులిస్తారంట. పల్ప్ స్టోరేజ్ గురించి నాలుగు పేరాలు, ఐదో పేరాలో "పని అయ్యాక విశ్రాంతిగా ఆడుకోవడానికి" అని రమ్మీ లింకు. పులిహోరలో చేప ముక్క దూర్చినట్టు! వేరే వాళ్ళ సరుకు మన సైట్ పేరు మీద ఎక్కించి ర్యాంకు కొట్టెయ్యడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ రూల్స్‌లోకి తెచ్చింది, ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న పేరు దీనికి పోగొట్టుకోవాలా? ఎడిటర్ అమ్మాయిని అడిగితే ఆ పోస్టు తన దాకా రానేలేదంట.

తెలుగు అనువాదం కూడా చేస్తామన్నారు, రైతులకి పనికొస్తుందని ఒకటి చేయించినాం. అది రైతు కాదు గదా నేనే చదవలేకపోయినా. వద్దనేసినాం.

రేటు విషయానికొస్తే ఒక పోస్టుకి, రచయితతో మాట్లాడటం దగ్గర్నుంచి వేసేదాకా, రెండున్నర వేలు, పైన జీఎస్టీ 18 శాతం. పనికి తగ్గ రేటే. ఈసారి రెన్యూవల్‌లో లింకుల పాయింట్ మొత్తం కొట్టేయించి, బయట నుంచి డబ్బులిచ్చి వేయించుకునే పోస్టు ఏదొచ్చినా మాకు చూపించకుండానే వెనక్కి పంపాలని రాయించుకోని సంతకం పెట్టినా. మీరు పోతే సేల్స్ వాళ్ళతో కాకుండా ఎడిటర్‌తో ఒక గంట మాట్లాడించమని అడగండి, మీ పాత పోస్టు ఒకటి ఇచ్చి దిద్దమనండి. ఇన్వాయిస్ మాత్రం నెలాఖరుకే గట్టిగా అడిగి తెప్పించుకోండి, లేకపోతే మీ ఆడిటర్ ఫోన్ చేసేదాకా రాదు.