కోఠిలో లెన్స్ రిపేర్‌కి ఇస్తున్నారా? "ఫోర్‌లనే వాడుకో అన్నా" అంటాడు, జాగ్రత్త

నిన్న సాయంత్రం కోఠి నుంచి సూర్యాపేట వచ్చే బస్సులోనే ఇది రాద్దామనుకున్నాను. కోపంతో చేతులు వణికాయి, ఫోన్ జేబులో పెట్టేశాను. రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు టీ కూడా తాగకుండా కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

షాపు పేరు రాయను. రాస్తే రేపు నా మీదే కేసు పెడతాడు, ఆ తెలివి మాత్రం బాగా ఉంది. మెట్లెక్కి పోయే షాపు, గాజు కౌంటర్, గోడ మీద వరసగా పాత కెమెరా బాడీలు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లలో సగం మందికి తెలిసే ఉంటుంది. "తక్కువలో చేస్తాడన్నా, మనోడే" అని నాకు చెప్పింది కూడా మన ఫీల్డ్ తమ్ముడే. వాణ్ని ఏమీ అనను. వాడు చెప్పాడు, నేను పోయాను. బుద్ధి నాకుండాలి కదా.

లెన్స్ మీ అందరికీ తెలిసిందే. కానన్ 24-105 ఎఫ్4 ఎల్ జూమ్, 2005లో వచ్చిన మొదటి వెర్షన్. చిట్టీ ఎత్తి 2014లో 5డి మార్క్ 3 కెమెరాతో పాటు కిట్‌గా కొన్నాను. పదకొండేళ్లు దాంతోనే అన్నం తిన్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఒకసారి ఎమ్మెల్యే గారి సన్మానం. జూమ్ తిప్పీ తిప్పీ రబ్బరు రింగు వదులైంది, ఒకసారి మార్పించాను. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఎద్దు కూడా అన్నేళ్లు దున్నదు.

ఆషాఢంలో ఎర్రర్ 01 వచ్చింది, అంటే లెన్స్‌కీ కెమెరాకీ మాట కలవడం లేదని. లెన్స్ వెనక ఉండే లోహపు కాంటాక్టులు తుడవమని స్క్రీన్ మీద చెబుతుంది కదా, రబ్బరుతో రుద్దాను, బనియన్ గుడ్డతో తుడిచాను, పోలేదు. అందులో ఒక తమాషా ఉంది. ఎఫ్4లో పెడితే ఎన్ని ఫొటోలైనా తీస్తుంది. 5.6 పెట్టి నొక్కగానే ఎర్రర్. ఎందుకంటే ఎఫ్4 అంటే ఈ లెన్స్‌కి మొత్తం తెరిచిన స్థితి, లోపలి అపెర్చర్ రేకులు కదలనే అక్కర్లేదు. 5.6, 8 పెట్టినప్పుడే రేకులు మూసుకోవాలి. ఆ కదిలించే ఆర్డర్ మోసుకెళ్లే సన్నటి రిబ్బన్ ఒకటి లోపల ఉంటుంది, ఫ్లెక్స్ అంటారు. జూమ్ తిప్పినప్పుడల్లా అది మడతపడుతుంది, ఏళ్ల తరబడి మడతపడి చివరికి చిట్లుతుంది. ఈ లెన్స్‌లో బాగా తెలిసిన జబ్బే.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అబ్బాయి ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఫ్లెక్స్ ఒక్కటీ వేయరట, అపెర్చర్ యూనిట్ మొత్తం మార్చాలి, 12,700, జీఎస్టీతో 14,986. సెకండ్ హ్యాండ్‌లో ఇదే లెన్స్ మంచి కండిషన్‌లో ఉన్నది 28,000 నుంచి 32,000 చెబుతున్నారు. లెక్క చూడండి. సగం ధరకు నా లెన్స్ నాకు బాగై వస్తుంది, దాని లోపల ఏముందో నాకు తెలుసు, ఎవరిదో వాడి పారేసింది కొనాల్సిన పని లేదు. చిన్నపిల్లవాడిని అడిగినా చేయించెయ్ అంటాడు. పైగా కానన్ 2018 నుంచి లెన్స్ బిగించే కొత్త పద్ధతి ఆర్ఎఫ్ మౌంట్‌కి వెళ్లిపోయింది, ఇప్పుడు పాత మౌంట్‌లో కొత్త లెన్స్ కొనడమంటే డబ్బు మూసీలో వేయడమే. ఇంకో రెండేళ్లు దీంతో లాగితే బాడీ, లెన్స్ కలిపి ఒకేసారి మారుద్దామని నా ప్లాన్.

అన్నీ తెలుసు. అయినా కోఠికే పోయాను. ఎందుకు? 14,986కీ, కోఠివాడు చెప్పిన 5,500కీ తేడా 9,486. ఆ తొమ్మిదిన్నర వేలు కళ్లకు గంతలు కట్టాయి.

"కంపెనీవాళ్లు దోచుకుంటరన్నా. ఇది నాకు నీళ్లు తాగినంత పని. ఫ్లెక్స్ ఢిల్లీకెళ్లి తెప్పిస్త, కొత్తదే ఏస్త. ఒక వారం." అడ్వాన్స్ 3,000 ఫోన్‌లో కొట్టాను. డబ్బు వెళ్లిన పేరు షాపుది కాదు, ఇంకెవరిదో. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక "24-105, 5500, అడ్వాన్స్ 3000" అని రాసిచ్చాడు. లెన్స్ నంబర్ లేదు, ఏం జబ్బో లేదు, తారీకు కూడా లేదు. నేనేమో దాన్ని భద్రంగా పర్సులో పెట్టుకున్నాను, ఎల్ఐసీ బాండు లాగా.

వారం కాస్తా ఇరవై నాలుగు రోజులైంది. "బోనాలన్నా, పిల్లగాడు రాలే." "పార్ట్ కొరియర్‌ల ఉంది." "రేపు ఫోన్ చేస్త." మధ్యలో ఒకసారి ఊరికే పోయి వచ్చాను, షట్టర్ వేసి ఉంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి నేనూ గట్టిగా అడగలేదు. శ్రావణం దగ్గర పడ్డాక టెన్షన్ మొదలైంది. నేను ఒప్పుకున్న పెళ్లికి సరిగ్గా ముందు రోజు ఫోన్ చేశాడు, రెడీ అని.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

నేను బ్యాగులోంచి బాడీ తీశాను. నేనే బిగించి చూద్దామనుకుంటుంటే "ఇటియ్యన్నా" అని చేతిలోంచి తీసుకున్నాడు. వాడే లెన్స్ బిగించాడు. వాడే డయల్ తిప్పాడు. వాడే గోడ మీద క్యాలెండర్‌కి పెట్టి టక టక టక టక పదో పన్నెండో కొట్టాడు. ఎర్రర్ లేదు. స్క్రీన్ నా వైపు తిప్పి దేవుడి ఫొటో మీద జూమ్ చేసి చూపించాడు. "ఏందన్నా, కొత్త లెన్సులెక్క లేదూ?" నేను నవ్వాను. మిగతా 2,500 కొట్టాను. టీ తెప్పించాడు, తాగాను కూడా.

ఆ పన్నెండు ఫొటోలూ ఎఫ్4లోనే తీశాడు.

ఇంటికొచ్చాక అయినా చూసుకోవాలా వద్దా? పదకొండేళ్లుగా మెళ్లో కెమెరా వేసుకుని తిరిగేవాణ్ని. మౌంట్ పక్కన డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బటన్ ఉంటుంది, ఎఫ్8 పెట్టి అది నొక్కి లెన్స్ ముందు నుంచి చూస్తే రేకులు మూసుకోవడం కంటికి కనిపిస్తుంది. ఐదు సెకన్ల పని. చేయలేదు. బ్యాటరీలు చార్జింగ్ పెట్టి పడుకున్నాను. పెద్ద ప్రొఫెషనల్‌ని కదా.

పెళ్లి పగటి ముహూర్తం. మండపంలో వెలుతురు తక్కువ, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ ఎఫ్4లోనే తీశాను, ఇబ్బంది లేదు. లోపల్లోపల కోఠివాణ్ని మెచ్చుకుంటున్నాను కూడా. తర్వాత గ్రూప్ ఫొటోలు. పెళ్లికూతురు తరఫు వాళ్లు మూడు వరసలు నిలబడ్డారు. నడవలేని ముసలమ్మను కుర్చీతో సహా నలుగురు మోసి స్టేజీ ఎక్కించారు. ఫ్లాష్ సెట్ చేసి, మూడు వరసలూ స్పష్టంగా రావాలని ఎఫ్8 పెట్టి, "అందరూ ఇటు చూడండి" అని నొక్కాను.

ఎర్రర్ 01.

ఆపి, తీసి, పెట్టి నొక్కాను. మళ్లీ అదే. వీడియో లైట్ ముఖాల మీద పడుతోంది, ముసలమ్మకు చెమటలు కారుతున్నాయి, వెనక వరసలో పిల్లవాడు ఏడుపు. "ఏం తమ్మీ, తీస్తున్నవా లేదా? అన్నం టైమైతుంది" అని పెళ్లికూతురు పెదనాన్న. బ్యాగులో జూమ్ లేని 50 ఎమ్ఎమ్ లెన్స్ ఉంది, తగిలించి వెనక్కి జరిగాను. ఇంకా జరిగాను. కుర్చీలు తగిలాయి, అయినా ఇద్దరు ఫ్రేమ్‌లోకి రావడం లేదు. చేసేది లేక మళ్లీ ఆ జూమే పెట్టి ఎఫ్4లో లాగించాను. ముందు వరస బాగుంది. వెనక వరస మసక. పెదనాన్న నిలబడింది వెనక వరసలో.

నిన్న పోయాను. గొడవ పెట్టుకోవడానికి పోలేదు, నిజంగా. పార్ట్ ఫెయిలై ఉంటుంది, మళ్లీ వేయిద్దామనే పోయాను. లెన్స్ కౌంటర్ మీద పెట్టి, 8 పెడితే ఎర్రర్ వస్తోందని చెప్పాను. వాడు లెన్స్ ముట్టుకోలేదు. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఎయిట్‌ల ఎందుకు తీసినవన్నా?"

నాకు అర్థం కాలేదు. గ్రూప్ ఫొటో కదా అన్నాను.

"ఫోర్‌లనే వాడుకో. ఎనక బ్లర్ మంచిగొస్తది. పబ్లిక్‌కు ఇప్పుడు అదే ఇష్టం."

అంటే వాడికి తెలుసు. లెన్స్ చేతికిచ్చిన రోజే తెలుసు. ఆ డయల్ వాడు ఎఫ్4కి తిప్పింది అందుకే, కెమెరా నా చేతికి ఇవ్వనిది అందుకే. ఆ టీ కూడా అందుకే అని ఇప్పుడు అనిపిస్తోంది. నేను ఫ్యాన్ రిపేర్‌కిస్తే, ఒకటో నంబర్‌లోనే తిప్పుకో, రెండు మూడు నీకెందుకు అన్నట్టుంది. ఒకటో నంబర్‌లో అది ముందే తిరుగుతోంది నాయనా! తిరగనిది బాగు చేయడానికే కదా నీకు 5,500 ఇచ్చింది!

గట్టిగానే అడిగాను. అప్పుడు తల ఎత్తాడు. "పాత లెన్స్ పట్టుకొచ్చి లొల్లి పెడ్తవేంది? పెండ్లిల యాడనో పడేసుకున్నవ్, నా మీదికొస్తున్నవ్. బిల్లుందా?" పర్సులోంచి ఎల్ఐసీ బాండు తీశాను. దాన్ని చూసి నవ్వాడు. పక్కనున్న కుర్రాడు కూడా నవ్వాడు. ఇంకో కస్టమర్ ఎవరో లెన్స్ పట్టుకుని నిలబడ్డాడు, అతనితో "మీరు చెప్పండి సార్" అన్నాడు. నేను అక్కడ లేనట్టే. డబ్బు పోయిందని కాదు, ఆ "మీరు చెప్పండి సార్" గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అక్కడి నుంచి నేరుగా సర్వీస్ సెంటర్‌కి. విప్పి చూసినందుకు 590. అదే అబ్బాయి, మొహం చూసి గుర్తుపట్టాడు. లోపల కొత్త ఫ్లెక్స్ లేదు. పాతదాని మీదే చిట్లిన చోట టంకం పెట్టబోయి కాల్చాడు, పైన పసుపు టేప్ ముక్క అంటించాడు. రెండు స్క్రూలు లేవు, ఇంకో దాని తల అరిగిపోయింది. అద్దాల గుంపు ఒకటి తిరిగి బిగించేటప్పుడు పక్కకు జరిగిందట, అందుకే ఫొటోల్లో ఎడమ పక్క కొంచెం మెత్తగా వస్తోంది. అది నేను గమనించనే లేదు, ఆయన చూపిస్తే తెలిసింది. "బయట విప్పించారు కదా సార్, ఇప్పుడు అంతకు కాదు" అని కొత్త ఎస్టిమేట్ ఇచ్చాడు. 22,500, జీఎస్టీతో 26,550.

ముందు 14,986కి రిపేర్ చేయించడం తెలివైన పని. ఇప్పుడు 26,550కి చేయించడం పిచ్చి పని, ఇంకో రెండు మూడు వేలు వేస్తే సెకండ్ హ్యాండ్ వస్తుంది. మధ్యలో మారింది ఒక్కటే, కోఠిలో ఇరవై నాలుగు రోజులు. బాగు చేయించాలా మార్చాలా అని నేను తల పట్టుకున్న ప్రశ్నకి జవాబు వాడే చెప్పేశాడు, 5,500 ఫీజు తీసుకుని.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేయమని మా బావమరిది అంటున్నాడు. ఐదు లక్షల లోపు క్లెయిమ్‌కి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదట. ఫోన్‌లో డబ్బు కొట్టిన స్క్రీన్‌షాట్లు, సర్వీస్ సెంటర్ కాగితం దగ్గర పెట్టుకున్నాను. చేస్తాను. ముందు ఆదివారం పెళ్లికి లెన్స్ చూసుకోవాలి, రోజుకి 700 అద్దెకి ఒకటి మాట్లాడాను.

ఎవరికైనా ఇదే లెన్స్‌లో ఇదే ఎర్రర్ వస్తే: బయట ఇచ్చినా సరే, తీసుకునేటప్పుడు కెమెరా వాడి చేతికి ఇవ్వకండి. ఎఫ్8 పెట్టి, 24 నుంచి 105 దాకా జూమ్ తిప్పుతూ మీరే నొక్కండి. మార్చిన పాత పార్ట్ అడిగి తీసుకోండి, లేదంటే మార్చలేదనే అర్థం. బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబర్ రాయించండి. ఇంకేం చెప్పను, ఇవన్నీ నాకూ తెలుసు.

ఇది రాస్తుండగానే ఆల్బమ్ డిజైనర్ ఫోన్ చేశాడు. పన్నెండో షీట్‌లో వెనక వరస మసకగా ఉందన్నా, షార్ప్ చేసి చూడాలా, లేక ఆ పెద్దమనిషి మీద పూల డిజైన్ ఏదైనా వేసేయాలా అని అడుగుతున్నాడు.