డీజిల్ లీకు: షోరూమా, పంపు షాపా... ఏది మేలు?

బండి కింద డీజిల్ మరక కనపడితే లారీ ఓనర్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "అన్నా, షోరూంకి తోలాలా, ఆటోనగర్‌కి తోలాలా?" షోరూం అంటే కంపెనీ డీలర్ వర్క్‌షాప్. ఆటోనగర్ అంటే హైదరాబాద్‌లో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే పంపు షాపులు. ఈ ప్రశ్న ఈ మధ్య మరీ ఎక్కువైంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణంతో వచ్చిన బీఎస్-6 బండ్లలో మొదటివాటికి వారంటీ ఒక్కొక్కటిగా అయిపోతోంది. మొన్నటిదాకా కంపెనీ వాళ్లే చూసుకున్నారు కాబట్టి ఆలోచించే పని లేకపోయింది. ఇప్పుడు బిల్లు మన జేబుకే తగులుతోంది.

ఎక్కడికి తోలాలో ఆలోచించే ముందు అసలు తోలొచ్చా లేదా చూడాలి. చుక్కలు ట్యాంకు దగ్గరో, ఛాసిస్ పైపు దగ్గరో పడుతుంటే నెమ్మదిగా తీసుకెళ్లొచ్చు. ఇంజన్ మీద, అదీ టర్బో వైపు తడి ఉంటే మాత్రం బండి కదపొద్దు. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదులే అని చాలామందికి ధీమా. మన దేశంలో డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలన్నది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మే నెలలో హైదరాబాద్ ఎండే 40 దాటుతుంది, లోడు మీద టర్బో వేడి కొన్ని వందల డిగ్రీలు. ఇంకోటి, ఇంజన్ ఆన్‌లో ఉండగా లీకు ఎక్కడుందో చేత్తో తడమొద్దు. కామన్ రైలు బండ్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ వెళ్లే బండ్లలో, ప్రెషర్ 1600 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 1600 రెట్లు), కొన్నిట్లో 2000 కూడా దాటుతుంది. ఆ ప్రెషర్‌లో సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, చేయి కాదు.

ఇక అసలు విషయం. షోరూం ఖరీదు, బయట చౌక అనే లెక్కతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో తేల్చేది రేటు కాదు. మన బండి పట్టుకునే మనిషి వెతికి విప్పుతాడా, విప్పి వెతుకుతాడా అన్నదే తేలుస్తుంది. డీజిల్ లీకులో రిపేరు చిన్నది, వెతకడం పెద్దది. పది రూపాయల రాగి వాషర్ దగ్గర కారిన డీజిల్ బ్లాకు మీదుగా జారి, గాలికి వెనక్కి కొట్టి, గేర్ బాక్సు దగ్గర చుక్కై పడుతుంది. తడి ఉన్న చోటే లీకు ఉందనుకుంటే మార్చిన పార్టు మార్చినట్టే ఉంటుంది, చుక్క పడేది పడుతూనే ఉంటుంది.

పైగా బయటికి కనపడేదే లీకు కాదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉండే లైనులో డీజిల్‌ని లోపలికి పీల్చుకోవడమే ఉంటుంది. అక్కడ పైపు పగిలితే డీజిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోతుంది. పొద్దున్నే స్టార్టింగ్ ఇబ్బంది, ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం, రోజూ ఎయిర్ తీయాల్సి రావడం... ఇవన్నీ దాని గుర్తులు. కింద మాత్రం నేల పొడిగానే ఉంటుంది. ఇంజెక్టర్ సీలు దగ్గరో, హై ప్రెషర్ పంపు షాఫ్ట్ సీలు దగ్గరో లీకైతే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ లెవల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, పల్చగా ఉంటుంది, డీజిల్ వాసన కొడుతుంది. దాన్ని పట్టించుకోకుండా తిప్పితే బేరింగులు పోతాయి. అప్పుడు లీకు రిపేరు కాస్తా ఇంజన్ పని అయి కూర్చుంటుంది.

వారంటీలో ఉన్న బండికి ఈ చర్చే అక్కర్లేదు, షోరూమే. బయట ఒక్క నట్టు విప్పించినా క్లెయిము అడిగేటప్పుడు ఆ మాటే మన మెడకు చుట్టుకుంటుంది. అలాగని వారంటీ ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. ఫిల్టర్లు, వాషర్లు, రబ్బరు పైపుల్లాంటివి అరిగే సామాను కింద లెక్కేసి చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. లీకులు ఎక్కువగా వచ్చేది వాటి దగ్గరే. ఇంజెక్టర్, పంపు క్లెయిములకు ఎదురయ్యే పెద్ద మాట "డీజిల్‌లో నీళ్లున్నాయి, కల్తీ ఉంది". ఫిల్టర్ ఎప్పుడు మార్చామో, డీజిల్ ఎక్కడ కొట్టించామో బిల్లులుంటే ఆ మాటకు ఎదురు చెప్పొచ్చు. లేకపోతే తల ఊపడమే.

వారంటీ అయిపోయాక కూడా షోరూంని తీసిపారేయడానికి లేదు. అక్కడి స్కానర్‌లో రైలు ప్రెషర్ ఎంత ఉండాలి, నిజంగా ఎంత వస్తోంది అన్న రెండు అంకెలూ పక్కపక్కనే కనపడతాయి. ఇంజెక్టర్ మారిస్తే దాని మీది కోడ్ ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీఎంలో ఎక్కించాలి, లేకపోతే బండి పొగ కొడుతుంది, లేదా ఐడిల్‌లో (బండి నిలిపి ఇంజన్ ఆన్‌లో ఉంచినప్పుడు) కొట్టుకుంటుంది. ఆ పని అక్కడ ఖాయంగా జరుగుతుంది. పార్టు ఒరిజినలా కాదా అన్న టెన్షన్ ఉండదు.

ఇబ్బందల్లా అక్కడి పద్ధతితో. బండి చేతిలో పెట్టగానే జాబ్ కార్డు రాసే అడ్వైజర్ ఒకరు, విప్పే టెక్నీషియన్ ఒకరు, పార్టు ఆర్డరు పెట్టేది ఇంకొకరు. లీకు గురించి మనం చెప్పిన మాట ముగ్గురి చేతులు మారేసరికి "ఫ్యూయల్ లీకేజ్, చెక్ అండ్ రెక్టిఫై" అన్న ఒక్క ముక్క అవుతుంది. వెతకడానికి గంట పడితే ఆ గంటకు బిల్లు వేయడం కష్టం, అసెంబ్లీ మారిస్తే బిల్లు తేలిక. అందుకే వాషర్‌తో పోయేదానికి హౌసింగ్, పైపుతో పోయేదానికి పంపు అంటారు. వాళ్లది మోసమని నేను అనను. మార్చిన పార్టుకు గ్యారంటీ ఇవ్వగలరు, బిగించిన వాషర్‌కు ఇవ్వలేరు.

మా బండి ఒకదానికి ఇదే జరిగింది. ఓ డీలర్ వర్క్‌షాప్‌లో ముందు ఫిల్టర్ మార్చారు, తర్వాత ఫిల్టర్ హౌసింగ్ మార్చారు. ఇంటికొచ్చాక మళ్లీ తడి. మూడోసారి "సార్, హై ప్రెషర్ పంపు మార్చాలి సార్" అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పంపు స్టాకులో లేదు, తెప్పించాలట, ఎన్ని రోజులో చెప్పలేమట. బండి వెనక్కి తెచ్చుకుని పంపు షాపుకి తోలాను.

అక్కడి ఉస్తాద్ స్పానర్ పట్టుకోలేదు. ముందు ఇంజన్ ఆ వైపంతా క్లీనర్ కొట్టించి, గాలి పట్టించి, పొడిగుడ్డతో తుడిపించాడు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి, ప్రతి జాయింటు మీద, పైపుల పొడవునా చల్లాడు. "పౌడర్ తడిసిన కాడనే ఉంటది సేఠ్, తొందర పడొద్దు" అని ఇంజన్ స్టార్ట్ చేయించి స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి పంపే రిటర్న్ పైపు మీద క్లిప్పు పట్టుకునే చోట, తెల్లటి పౌడర్‌లో గోరంత గీత నల్లబడింది. క్లిప్పు లోపలి రబ్బరు అరిగిపోయి, ఇనుప క్లిప్పు పైపుని ఒరుసుకుని చీలిక తెచ్చింది. పంపుకి, అంతకుముందు మార్చిన హౌసింగ్‌కి దాంతో సంబంధమే లేదు. పైపు, క్లిప్పు, రెండు వైపులా కొత్త వాషర్లు వేసి సాయంత్రానికి పంపించాడు.

షోరూంలో ఈ పరీక్ష రాదని కాదు. అల్ట్రావయొలెట్ డై వేసి లైటు కొట్టి చూసే పద్ధతి వాళ్లకీ ఉంది, పౌడర్ కంటే మంచిది కూడా. బండ్లు వరుసలో నిలబడి ఉన్నప్పుడు అంత ఓపిక పట్టే మనిషి దొరకడమే కష్టం. గాలి పీలుస్తున్న లీకుకైతే పంపు షాపుల్లో ఫీడ్ లైను మధ్యలో పారదర్శకమైన పైపు ముక్క పెట్టి బుడగలు వస్తున్నాయా చూస్తారు. ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటూ దాటించుకుంటూ వస్తే బుడగ ఎక్కడ మొదలైందో తేలిపోతుంది. దానికి మెషీను అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.

అలాగని ఆటోనగర్‌లో బోర్డు కనపడిన ప్రతి షాపుకీ బండి అప్పగించమని కాదు. వనస్థలిపురం ఆటోనగర్‌లో కళ్లకద్దుకునే పనివాళ్లున్నారు, కామన్ రైలుని పాత పంపులాగే విప్పేసేవాళ్లూ ఉన్నారు. పనివాడెవరో తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటి: పైపు విప్పాక ఆ నోటికి ఏం పెడుతున్నాడు? శుభ్రమైన ప్లాస్టిక్ క్యాపు పెడితే పనివాడు. బనియన్ వేస్ట్ కుక్కితే అక్కణ్నించి బండి తీసుకుపోవడమే మంచిది. ఇంజెక్టర్ లోపల సందులు రెండు మూడు మైక్రాన్లు. మన తల వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ వేస్ట్ గుడ్డ నూలు పోగు ఒక్కటి లోపలికి పోయినా లీకు పోయి ఇంజెక్టర్ల ఖర్చు వచ్చి పడుతుంది. హై ప్రెషర్ పైపుని "ఇంకో చుట్టు బిగిద్దాం" అనేవాడితో కూడా జాగ్రత్త. ఆ పైపు కొస కోన్‌లా ఉండి బిగించినప్పుడు సీటులో ఒదిగిపోతుంది. అతిగా బిగిస్తే చీలుతుంది. చాలా కంపెనీలు ఒకసారి విప్పిన పైపుని మళ్లీ వాడొద్దనే చెప్తాయి. రాగి వాషర్ సంగతీ అంతే. టెఫ్లాన్ టేపు, ఎం-సీల్ అయితే డీజిల్ లైనులో కనపడనే కూడదు.

కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా, రిటర్న్ లైను మొత్తం: మంచి పంపు షాపు. హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అనుమానంగా ఉంటే: టెస్ట్ బెంచ్ ఉన్న, పంపు కంపెనీ గుర్తింపు ఉన్న డీజిల్ ల్యాబు. ఒక్కో ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో గొట్టాల్లో పట్టి చూపించమనాలి. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ వదిలితే అదొక్కటే మారుతుంది, ఆరూ కాదు. కోడ్ ఎక్కించే స్కానర్ అక్కడ లేకపోతే ఆ చివరి పనికి మాత్రం షోరూంకి వెళ్లొచ్చు. సగం పని అక్కడ, సగం ఇక్కడ ఏమిటని డ్రైవర్లు నవ్వుతారు గానీ లాభం అందులోనే ఉంది.

బిల్లు పక్కన పెట్టి బండి ఆగిన రోజుల లెక్కా చూసుకోవాలి. కిస్తీ ఆగదు, డ్రైవర్ బత్తా ఆగదు, కిరాయి మాత్రం ఆగుతుంది. సెకనుకో చుక్క చొప్పున కారినా రోజుకి పోయే డీజిల్ కొన్ని లీటర్లే. ఆ కొన్ని లీటర్ల కోసం వారం రోజులు షెడ్డులో నిలబెడితే పోయేది ఎంతో ఓనర్లకు నేను చెప్పక్కర్లేదు. పగలు సిటీలోకి పెద్ద బండ్లకు నో ఎంట్రీ కూడా ఉంది. పటాన్‌చెరు వైపు ఉన్న బండిని ఆటోనగర్ తేవాలంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దాకా తిప్పుకు రావాల్సిందే. లీకు చిన్నదై, మీ వైపే నమ్మకమైన షాపుంటే ఆటోనగర్ పేరు కోసం అంత దూరం రావద్దు.

2017కి ముందు బీఎస్-3 బండ్లు, మెకానికల్ పంపువి, అనుభవమున్న ఏ మెకానిక్ అయినా చూసుకుంటాడు. సామాను రాణిగంజ్‌లో దొరుకుతుంది. హైవే మీద ఆగితే కంపెనీ బ్రేక్‌డౌన్ వ్యాన్‌కి ఫోన్ చేయండి, దారి పక్క షెడ్డువాడి చేత ఇల్లు చేరేంత పని మాత్రమే చేయించుకోండి.

ఎక్కడ చేయించినా పాత పార్టు చేతికి తీసుకోండి, లీకు దొరికిన చోటు ఫోన్‌లో ఫొటో తీయించండి. జాబ్ కార్డు మీద "ఫ్యూయల్ లీకేజ్" అని వదిలేయకుండా ఎక్కడ, ఏ వైపు, ఇంజన్ ఆన్‌లోనా ఆఫ్‌లోనా అని రాయించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. ఎస్టిమేట్‌లో ఇంకా 28 కనపడితే అడగండి. డబ్బు తీసుకుని మళ్లీ మళ్లీ అదే లీకుతో పంపిస్తుంటే ఒక్క లారీ మీద బతికే ఓనర్‌కి వినియోగదారుల కమిషన్ దారి ఉంది. సొంత బతుకుతెరువు కోసం కొన్నవాళ్లను 2019 చట్టం వినియోగదారుగానే చూస్తుంది. 1915కి ఫోన్ చేస్తే ఎలా వెళ్లాలో చెప్తారు.

డెలివరీ తీసుకునేటప్పుడు ఇంజన్ కడిగించి, పొడిగా ఉన్నప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. లోడు వేసుకుని ఔటర్ మీద ఓ రౌండు తిప్పి, వేడి మీదే మళ్లీ చూడండి. ఐడిల్‌లో కనపడని లీకు లోడు ప్రెషర్‌లో బయటపడుతుంది. తర్వాతి వారం రోజులు పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవల్ ఎంతుందో రాసుకోమని డ్రైవర్‌కి చెప్పండి.