గుట్ట మీద సైకిల్ బాట: జేసీబీతో వేయించాలా, చేత్తో తవ్వాలా?

అనంతపురంలో మౌంటెన్ బైక్ కొనుక్కున్న పిల్లలు నాకు తెలిసినవాళ్లలోనే పదిమంది దాకా ఉన్నారు. కొన్నాళ్లు తారురోడ్డు మీద తొక్కుతారు, తర్వాత వాళ్ల చూపు గుట్టల మీదికి పోతుంది. అక్కడినుంచి నాకు ఫోను వస్తుంది. "అన్నా, ఒకరోజు జేసీబీ మాట్లాడితే బాట అయిపోదా? చేత్తో తవ్వుతూ కూర్చోవాలా?" అని.

నేను రెండూ చేశాను. మా చిన్నాన్న పట్టా భూమిలో చెనిక్కాయ చేను దాటితే ఒక చిన్న గుట్ట ఉంది. దానికి తూర్పు పక్క మొదట జేసీబీతో బాట వేయించాం. పడమర పక్క తర్వాత మేమే పార, గడ్డపార పట్టుకుని తవ్వాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే చేత్తోనే తవ్వమంటాను. ఎందుకంటే మా గుట్ట మీద బాటను పాడుచేసింది సైకిళ్లు కాదు, నీళ్లు.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువ కాబట్టి బాటకు భయం లేదని నేనూ మొదట్లో అనుకున్నాను. అయితే ఆ కాస్త వానలో చాలాభాగం కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. అప్పటిదాకా ఎండకు బిగుసుకుపోయిన ఎర్రనేల ఒక్కసారిగా అన్ని నీళ్లు తాగలేదు. తాగని నీళ్లు వాలు వెంట పరుగెడతాయి. ఆ పరుగులో వాటికి మన బాట దొరికితే అదే కాలువ అయిపోతుంది. ముందు మెత్తటి మన్ను పోతుంది, తర్వాత గరుసు పోతుంది, చివరికి పిడికిలంత రాళ్లు మాత్రం మిగులుతాయి. అట్లాంటిచోట సైకిల్ బ్రేకు వేస్తే చక్రం ఆగదు, జారుతుంది.

గుట్ట మీద ఇప్పటికే ఉన్న కాలిబాటనే వాడుకోవచ్చు కదా అని కొందరు అంటారు. మంచి ఆలోచనే, కాకపోతే అది ఎవరు వేసిన బాటో చూడాలి. గుట్టపైన గుడి ఉంటే మనుషులు సాధారణంగా తిన్నగా ఎక్కుతారు, ఆ బాట వాన కాలువతో సమానం. గొర్రెలు, మేకలు తొక్కిన బాటలు చాలాచోట్ల గుట్టకు అడ్డంగా, వాలుకు పక్కగా పోతాయి. మేకల బాట దొరికితే సగం సర్వే అయిపోయినట్టే. మా పడమర పక్క బాటలో మొదటి భాగం అట్లా దొరికిందే.

మిగతాది కొలుచుకోవాలి. అమెరికాలో 1988లో ఏర్పడిన అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం బాటలు వేసేవాళ్లకు కొన్ని లెక్కలు చెబుతుంది. వాటిలో రెండు మాకు బాగా పనికొచ్చాయి. బాట సగటు వాలు పది శాతం లోపు ఉండాలి, అంటే పది మీటర్లు నడిస్తే ఒక మీటరుకు మించి దిగకూడదు. రెండోది, ఎక్కడైనా సరే బాట వాలు ఆ చోట గుట్టకున్న వాలులో సగం దాటకూడదు. గుట్ట పది మీటర్లకు రెండు మీటర్లు వాలితే బాట ఒక మీటరు వాలవచ్చు. గుట్ట మీటరే వాలితే బాటకు అర మీటరే. ఈ సగం లెక్క దాటితే నీళ్లు బాటను అడ్డంగా దాటిపోకుండా బాట వెంటే పారతాయి. అందుకే మెల్లగా వాలే చోట బాట వేయడం, నిటారు చోట వేయడం కంటే కష్టం. నాకిది అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది.

కొలవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీల దగ్గర ట్యూబు లెవెల్ ఉంటుంది, నీళ్లు నింపిన పారదర్శకమైన పైపు. పది మీటర్ల దూరంలో ఇద్దరు చెరో కొస పట్టుకుని నిలబడితే రెండుచోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నుంచి నేల దాకా ఇద్దరూ టేపుతో కొలిచి, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేస్తే వాలు తెలిసిపోతుంది. పైపులో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, అంతే. ప్రతి పది మీటర్లకూ ఒక కర్ర పాతి సున్నం పూశాం. పార పట్టకముందు మూడు ఆదివారాలు ఈ కర్రలకే సరిపోయాయి. పిల్లలకు ఓపిక చాలని పని ఇదే, వదిలేయకూడని పని కూడా ఇదే.

ఇక జేసీబీ సంగతి. మామూలుగా మనకు అద్దెకు దొరికే బండి వెడల్పు రెండు మీటర్లకు పైనే. సైకిల్‌కు కావలసిన బాట ముప్పావు మీటరు. గుట్ట పక్కవాలు మీద అంత పెద్ద బండి నిలబడాలంటే ముందు దాని కోసమే చదును చేయాలి. పైవైపు గట్టును నిటారుగా కోసింది, ఆ మన్నును కిందివైపు పోసింది, పోసిన మన్ను మీదే నడిచింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నాల వేళకు తూర్పు పక్క బాట మొత్తం తయారు. చూడ్డానికి రోడ్డులా ఉంది. మేం ఆ సాయంత్రమే తొక్కాం, ఫోటోలు దిగాం.

సెప్టెంబరులో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లారి పోయి చూస్తే బాటలో సగం కిందికి జారిపోయి ఉంది. కదలని గట్టినేల మీద ఉన్నది లోపలి సగమే, బయటి సగమంతా పోసిన మన్ను. ఆ మన్ను అంచు కాస్త ఎత్తుగా గట్టులా నిలవడంతో నీళ్లు బయటికి పోలేక బాట వెంటే పరుగెత్తి, వంపు దగ్గర మోకాలి లోతు గండి కొట్టాయి. నిటారుగా కోసిన పైగట్టు మూడుచోట్ల విరిగి బాటలో పడింది. తప్పు డ్రైవర్‌ది కాదు. ఆ బండికి తెలిసినట్టు అది చేసింది, కావలసింది చెప్పడం మాకు చేతకాలేదు.

చేత్తో తవ్వేటప్పుడు పద్ధతే వేరు. ముందు బోద గడ్డి, ముళ్లకంప కొట్టేస్తాం. వేర్లున్న పైమన్ను గీకి పక్కకు తీస్తాం, అది బాటలో ఉంటే నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. తర్వాత గడ్డపారతో గుట్టలోకే కోసి మెట్టులా చేస్తాం. బాట మొత్తం వెడల్పూ గట్టినేల మీదే ఉండాలి. తీసిన మన్నులో ఒక్క పారెడు కూడా బాటకు వాడం, దూరంగా కిందికి విసిరి చెల్లాచెదురు చేస్తాం. పైగట్టును నిటారుగా వదలకుండా ఏటవాలుగా చెక్కుతాం. చివర్లో బాటను బయటివైపుకు కొద్దిగా వాల్చాలి, వందకు అయిదు. మా డెబ్బై సెంటీమీటర్ల బాటకు అది మూడున్నర సెంటీమీటర్లు. కంటికి కనబడదు, కానీ ఒక చెంబు నీళ్లు పోస్తే ఎటు పోవాలో అటే పోతాయి. చెంబు పరీక్ష కాకుండా మేం ముందుకు కదలం.

ఇది నెమ్మది పని. ఆరుగురం మూడు గంటలు చెమటోడిస్తే పాతిక మీటర్లు. రాయి తగిలితే అదీ లేదు. ఎండాకాలంలో ఎర్రనేల మీద గడ్డపార వేస్తే ఖంగుమని చేతులు జిల్లుమంటాయి. పని చేయాల్సింది వాన పడిన రెండో రోజో మూడో రోజో. అప్పుడు నేల పారకు లొంగుతుంది, తొక్కితే బిగుస్తుంది కూడా.

పడమర పక్క పని నడుస్తుండగా మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక అవ్వ చాలాసేపు నిలబడి చూసింది. ఉపాధి హామీ పనుల్లో గుట్టల మీద కందకాలు తవ్విన మనిషి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. వాన నీళ్లు పరుగెత్తకుండా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వడం ఇక్కడి పల్లెల్లో చాలామందికి చేతి వాటం. ఆమె మేం తవ్విన వంపు చూసి, "పైనుంచి నీళ్లు యాడ దిగుతాయో సూసినారా నాయనా? ఈడే దిగేది. మీరు మలుపు ఈడే పెట్టినారు" అంది. ఆమె చేయి చూపినచోట గడ్డి అంతా ఒకే పక్కకు వాలి ఉంది, రాళ్ల మధ్య సన్నటి ఇసుక పేరుకుని ఉంది. మాకు కనబడనిది అది. మలుపును పది అడుగులు పక్కకు జరిపాం. ఇప్పటికీ అది చెక్కుచెదరలేదు. చేత్తో తవ్వడంలో పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. పని నెమ్మదిగా నడిచినప్పుడు తప్పు దిద్దుకునే వ్యవధి ఉంటుంది, దారిన పోయేవాళ్లు నిలబడి నాలుగు మాటలు చెప్పే వీలుంటుంది. జేసీబీ రోజున ఆ చప్పుడుకు ఒక్కరూ దగ్గరికి రాలేదు.

పనిముట్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. బయటి దేశాల్లో ట్రైల్ పనికి, అంటే ఇట్లాంటి బాటలు వేసే పనికి, పులాస్కీ, మెక్‌లియోడ్ అని రెండు పనిముట్లు వాడతారు. పులాస్కీలో ఒకవైపు గొడ్డలి, మరోవైపు మన్ను తవ్వే పలక ఉంటాయి. 1910లో అమెరికా అడవుల్లో పెద్ద మంటలు చెలరేగినప్పుడు తన మనుషులను కాపాడిన ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి పేరుతో అది ప్రసిద్ధి. మెక్‌లియోడ్‌కు ఒకవైపు వెడల్పాటి పార అంచు, మరోవైపు ఇనుప పళ్లు. రెండూ అడవి మంటలు ఆర్పే పని నుంచి వచ్చినవే. పులాస్కీ లేని లోటు మాకు తెలియలేదు, గొడ్డలి, గడ్డపార, పార, సమ్మెట చాలు. మెక్‌లియోడ్ మాత్రం నిజంగా పనికొచ్చింది. ఊళ్లో వెల్డింగ్ షాపులో చెప్పి చేయించుకున్నాం. దాని వీపుతో కొడితే మన్ను నున్నగా బిగుస్తుంది. ఇంకో మాట, రాయిని ముందు గడ్డపారతో దొర్లించాకే చేయి పెట్టండి. మా గుట్టల్లో తేళ్లు రాళ్ల కిందే ఉంటాయి.

నీళ్లు బయటికి పంపడానికి కూడా రెండు దారులున్నాయి. ఒకటి బాటకు అడ్డంగా మొద్దు పాతడమో పైపు వేయడమో. మేం రెండూ పెట్టి చూశాం. మొద్దు వెనక రెండు వానలకే ఒండ్రు నిండి నీళ్లు దాని మీదుగా దూకాయి. పైపు నోట్లో గడ్డి ఇరుక్కుంది. పైగా తడిసిన మొద్దు మీద చక్రం జారుతుంది. రెండోది, బాటనే అలలా పారించడం. దిగుతున్న బాట కాసేపు ఎక్కి మళ్లీ దిగుతుంది. ఆ పల్లంలో బయటి అంచు తెరిచి ఉంచితే నీళ్లు అక్కడే దిగిపోతాయి. మా బాటలో అట్లాంటి పల్లాలు పది పదిహేను మీటర్లకు ఒకటి చొప్పున ఉన్నాయి. తొక్కేవాళ్లకు ఊయల ఊగినట్టుంటుంది కాబట్టి వాళ్లూ సంతోషిస్తారు. ఇవి మొదట్నుంచే కర్రలు పాతేటప్పుడు లెక్కలో ఉండాలి, తర్వాత అతికించడం కష్టం.

జేసీబీ అసలొద్దని అనను. సైకిళ్లు, బండ్లు ఆపుకునే చోటు చదును చేయడానికి, మనుషులు కదపలేని బండను పక్కకు నెట్టడానికి, పెద్ద మలుపుల్లో గోడకట్టులా మన్ను ఎత్తడానికి గంటా రెండు గంటలు పెట్టుకోవచ్చు. ఒక మీటరు వెడల్పుండే చిన్న ఎక్స్‌కవేటర్, ట్రైల్ పని తెలిసిన డ్రైవర్ ఇద్దరూ దొరికితే అప్పుడు నా మాట కొంత మార్చుకుంటాను. ఆ ఇద్దరూ కలిసి నాకు ఇంకా దొరకలేదు.

నేలను బట్టి కూడా తేడా ఉంటుంది. ఇదంతా మా గ్రానైటు గుట్టల ఎర్ర గరుసు నేల సంగతి. కడప వైపు పలకలుగా విడిపోయే రాయి ఎక్కువ. వాటిని నిలువుగా పాతి పరిస్తే మలుపులు బాగా నిలుస్తాయి, అదంతా చేతిపనే. కర్నూలు వైపు నల్లరేగడి అయితే ఏ పద్ధతిలో వేసినా తడి ఆరేదాకా చక్రం పెట్టకండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది భూమి ఎవరిదని. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా పార కూడా పెట్టకూడదు, జేసీబీ మాట సరేసరి. ఖాళీ తుప్పలే కదా అనిపిస్తుంది. అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది అట్లాంటి తుప్పల్లోనే. మన కంటికి బీడులా కనిపించేదే దానికి ఇల్లు.

వేశాక ఏమిటి? తూర్పు పక్క జేసీబీ బాటను ఇప్పటికి రెండుసార్లు బండి తెచ్చి సరిచేయించాం, మూడోసారి వదిలేశాం. అక్కడ ఇప్పుడు గడ్డి మొలుస్తోంది. పడమర పక్కకు ప్రతి గట్టి వాన తర్వాత ఇద్దరం ఒక పార, ఒక రేక్ పట్టుకుని పోతాం. పల్లాల్లో చేరిన ఒండ్రు లాగేస్తాం, చక్రాలు తొక్కి బయటి అంచున లేపిన చిన్న గట్టును చెక్కేస్తాం. ఒక పూట పని. పోయినసారి అవ్వ చూపించిన ఆ చోట పార దించే అవసరమే రాలేదు, ఇసుక బాటను అడ్డంగా దాటి కిందికి పోయిన గీత మాత్రం కనబడింది.