చిన్న ఆఫీసుకి థండర్‌బర్డ్: మంచిదే, కాకపోతే ఆ ఐదుని రెండు చేయండి

ఒంగోలు గ్రానైట్ ఆఫీసుల్లో మెయిల్ ఆగిందంటే పని ఆగినట్టే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకల ఫొటోలు, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడ సరుకు రసీదు (బిల్ ఆఫ్ లేడింగ్) డ్రాఫ్టు అన్నీ ఒకే మెయిల్‌బాక్సుకి వస్తుంటాయి. దాన్ని నలుగురైదుగురు ఎవరి కంప్యూటర్లో వాళ్లు తెరుచుకుని కూర్చుంటారు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీది ఆడిటర్ ఆఫీసుకైనా రిటర్నుల గడువు దగ్గరపడితే ఇదే పరిస్థితి. ఇలాంటి చోట కంప్యూటర్లో మెయిల్ చూసుకునే ప్రోగ్రాము థండర్‌బర్డ్ నిలబడుతుందా అంటే నిలబడుతుంది. పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. కానీ అది ఇచ్చే సెట్టింగులు ఒక మనిషి, ఒక కంప్యూటరు అన్న లెక్కలో ఉంటాయి. ఆఫీసులో వచ్చే కనెక్షన్ గొడవల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

మెయిళ్లని సర్వర్‌లోనే ఉంచి అన్ని కంప్యూటర్లకీ చూపించే పద్ధతి ఐమ్యాప్. థండర్‌బర్డ్ ఒక్కో ఐమ్యాప్ అకౌంటుకి సర్వర్‌తో ఐదు కనెక్షన్ల దాకా తెరిచి పట్టుకుంటుంది. ఫోల్డర్లు చకచకా తెరుచుకోవడానికే ఈ ఏర్పాటు. అటు సొంత డొమైన్ మెయిల్ ఉండే హోస్టింగు సర్వర్లలో బాగా వాడుకలో ఉన్న మెయిల్ సర్వర్ ప్రోగ్రాము డవ్‌కాట్. హోస్టింగువాళ్లు మార్చకపోతే అది ఒక మెయిల్‌బాక్సుకి ఒక ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) నుంచి పది కనెక్షన్లే ఒప్పుకుంటుంది. రూటరు వెనకాల ఎన్ని కంప్యూటర్లున్నా బయటికి కనిపించేది ఒకే ఐపీ. అంటే రెండు కంప్యూటర్లతోనే కోటా నిండిపోతుంది. జీమెయిల్ లెక్క వేరు: మీరు ఎక్కడినుంచి తెరిచినా ఒక అకౌంటుకి మొత్తం పదిహేను.

కోటా నిండినప్పుడు కనిపించే లక్షణం చూడండి. మెయిల్ రాసి సెండ్ నొక్కితే మెయిల్ వెళ్లిపోతుంది, కానీ సెంట్ ఫోల్డర్లో కాపీ వేసే దగ్గర ఆ చిన్న కిటికీ అలాగే తిరుగుతూ ఉండిపోతుంది. పంపడానికి ఎస్‌ఎంటీపీ, కాపీ వేయడానికి ఐమ్యాప్. రెండూ వేర్వేరు దారులు. రెండోదానికి చోటు దొరకలేదన్నమాట. గుమాస్తా మెయిల్ పోలేదనుకుని మళ్లీ పంపుతాడు, బయ్యరుకి అదే ఇన్‌వాయిస్ రెండుసార్లు చేరుతుంది. కాబట్టి అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి, కనెక్షన్ల సంఖ్య దగ్గరున్న ఐదుని రెండు చేయండి. అయిదు కంప్యూటర్లు దాటితే ఒకటి. ఒకటి పెడితే ఫోల్డర్లు మారేటప్పుడు కాస్త ఆలస్యం తప్పదు. ఆఫీసు వైఫైలో అదే మెయిల్ తెరిచే ఫోన్లనీ లెక్కలో వేసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆఫీసు నెట్‌లో మెయిల్ రాదు, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే వస్తుంది. వెంటనే నెట్ కంపెనీని తిడతారు. ఐపీ మారితే కోటా కొత్తగా మొదలవుతుంది, అందుకే వచ్చింది. లేదా సర్వరు మీ ఆఫీసు ఐపీని నిషేధించి ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడానికి విండోస్‌లో కమాండులు టైపు చేసే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుకి మెయిల్ సర్వర్ పేరు, ఐమ్యాప్ వాడే పోర్టు (సర్వర్ తలుపు నంబరు) 993 ఇచ్చి నడపండి. చివరి వరుసలో ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది, కనెక్షన్ల కోటానో పాస్‌వర్డో చూసుకోవాలి. ఫాల్స్ వస్తే దారే మూసుకుంది: నిషేధమో, ఫైర్‌వాలో. ఫెయిల్‌టుబ్యాన్ లాంటి కాపలా ప్రోగ్రాములు మార్చని సెట్టింగులతో పది నిమిషాల్లో ఐదు తప్పు పాస్‌వర్డులకే ఐపీని పది నిమిషాలు ఆపుతాయి. పాస్‌వర్డు మార్చిన మర్నాడు ఆఫీసంతటికీ మెయిల్ కాసేపు వస్తూ, కాసేపు ఆగిపోతూ ఉంటే ఎవరి ఫోనో, మూలనున్న స్కానరో పాత పాస్‌వర్డుతో తలుపు తడుతూనే ఉందని అర్థం. థండర్‌బర్డ్ కొత్త పాస్‌వర్డు అడిగి ఆగుతుంది, అది దాని మంచితనం. చాలా ఫోన్లు అడగకుండానే ప్రయత్నిస్తూ పోతాయి.

నచ్చని విషయాలూ ఉన్నాయి. ఎస్‌ఎంటీపీ సెట్టింగుల్ని అకౌంటు కింద కాకుండా ఎడమవైపు జాబితా అడుగున విడిగా పెట్టారు. వెతకడం తెలియనివాళ్లకి దొరకవు. అక్కడ భద్రత పద్ధతిగా 465 పోర్టుకి ఎస్‌ఎస్‌ఎల్, 587కి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఉండాలి, తారుమారైతే టైమవుట్ వరకూ ఊరికే తిరుగుతుంది. 25 పోర్టు జోలికి పోవద్దు, చాలా నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. జీమెయిల్‌కి రావడానికీ పోవడానికీ రెండు చోట్లా గూగుల్ సొంత కిటికీలో లాగిన్ చేయించే ఓఆత్2 పద్ధతి ఎంచుకోవాలి, థండర్‌బర్డ్‌లో కుకీలు ఆపేసి ఉంటే ఆ లాగిన్ కిటికీ ముందుకి కదలదు. అకౌంటు పెట్టేటప్పుడు ఎవరైనా మెయిళ్లని తమ కంప్యూటర్లోకి దించుకునే పాప్ పద్ధతి ఎంచుకుంటే ఇంకో ప్రమాదం: పద్నాలుగు రోజుల తర్వాత ఆ మెయిళ్లు సర్వర్‌లోంచి పోతాయి, మిగతా కంప్యూటర్లలో కనపడవు. పంచుకునే మెయిల్‌బాక్సుకి ఐమ్యాప్ తప్ప వేరే మాటే వద్దు.

సర్వర్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ మీద ఒక్క కంప్యూటర్లోనే హెచ్చరిక వస్తుంటే ముందు ఆ కంప్యూటర్లో తేదీ చూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. తేదీ సరిగ్గానే ఉంటే యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఒక్కటి ఆపి చూడండి. హెచ్చరికలో ఎక్సెప్షన్ (మినహాయింపు) నొక్కేసి దాటిపోవడం మాత్రం వద్దు, బయ్యరు బ్యాంకు వివరాలు నడిచే దారి అది.

పలకల ఫొటోలు పంపేవాళ్లు సైజు గుర్తుంచుకోవాలి. మెయిల్‌లో పెట్టిన ఫైలు దారిలో మూడో వంతు పైగా ఉబ్బుతుంది, సర్వర్ హద్దు 25 ఎంబీ అయితే 18 దాటిన ఫైళ్లు తిరిగొచ్చే అవకాశముంది. చిన్న మెయిళ్లు పోతూ, హద్దులోపున్న పెద్దవి సగంలో నిలిచిపోతుంటే రూటర్లో ఎంటీయూ (ఒక్కో డేటా ముక్కకి గరిష్ఠ సైజు) చూడండి, యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో కలిసే పీపీపీఓఈ రకం నెట్ కనెక్షన్‌కి అది 1492 దాటకూడదు.