దాచి పెట్టాలా, చూపించి పెట్టాలా?

పిల్లలు కూరగాయలు ముట్టడం లేదని టెన్షన్ పడే ఇళ్లలో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, క్యారెట్‌నో పాలకూరనో మెత్తగా రుబ్బి, ఇష్టంగా తినేదాంట్లో కలిపేయడం. రెండోది, ముక్కలుగానే కంచంలో పెట్టడం.

దాచి పెడితే ఆ పూట గడిచిపోతుంది. పీచు, విటమిన్లు ఎలాగోలా లోపలికి వెళ్తాయి. కానీ క్యారెట్ రుచి బిడ్డకు తెలియదు. పైగా ఒకసారి కనిపెట్టారంటే, ఇష్టమైనదాన్ని కూడా అనుమానంగా కెలుకుతారు.

చూపించి పెట్టడానికి ఓపిక కావాలి. 2 నుంచి 6 ఏళ్ల మధ్య కొత్త రుచంటే బెదురు సహజం. ఒక కూరగాయ అలవాటు కావడానికి 8 నుంచి 15 సార్లు పట్టొచ్చు. మనమేమో మూడోసారికే వదిలేస్తాం. మొదట వేలితో నొక్కి చూస్తారు, ఇంకోరోజు వాసన చూస్తారు, మరోరోజు నాలుకకు తాకించి ఉమ్మేస్తారు. ఉమ్మేసినా సరే, అదీ లెక్కలోకే వస్తుంది. ‘ఇది తింటే చాక్లెట్ ఇస్తా’ అని మాత్రం అనకండి, కూరగాయ మీద ఇష్టం ఇంకా తగ్గుతుంది. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దవాళ్లు చూసుకుని, ఎంత తినాలన్నది పిల్లలకే వదలాలంటారు అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్.

నా ఓటు రెండోదానికే. తప్పనిసరై దాచి పెట్టిన రోజున కూడా, పక్కన రెండు ముక్కలు కంటికి కనిపించేలా ఉంచండి.